పాతబస్తీ అంటే షేర్వాణీయేనా?

స్టూడెంట్ షార్ట్‌ఫిల్మ్ అనగానే అందరూ అడిగేది కెమెరా ఏది, ఎడిటింగ్ ఎవరు అని. బట్టల సంగతి ఎవరికీ పట్టదు. 'ఎవరిళ్లలోంచి వాళ్లు తెచ్చుకుంటార్లే' అనేస్తారు. మా పన్నెండు నిమిషాల సినిమాకి ఆ బాధ్యత నా మీద పెట్టారు. చేతిలో పెట్టింది మూడు వేల రూపాయలు.

కథ చిన్నదే. చార్మినార్ పక్కన లాడ్‌బజార్‌లో లక్క గాజులు చేసే తండ్రి. మొదటిసారి ఉద్యోగం ఇంటర్వ్యూకి వెళ్లే కూతురు. ఆ ఒక్క పొద్దున ఇంట్లో ఏం జరిగిందన్నదే సినిమా.

మొదటి మీటింగ్‌లోనే మావాళ్లు తండ్రికి షేర్వాణీ, టోపీ అని రాసేశారు. పాతబస్తీ అంటే సినిమాల్లో అదే కదా! నాకెందుకో నచ్చలేదు. రెండు సాయంత్రాలు గాజులు చేసేచోట కూర్చున్నాను. లక్కని సెగ మీద మెత్తబరచి, సాగదీసి, గుండ్రంగా చుట్టి, వేడి ఆరకముందే రాళ్లు అద్దాలి. బనీను, లుంగీ, లేదంటే వెలిసిపోయిన చొక్కా... అక్కడ కనిపించినవి ఇవే. షేర్వాణీ మాట ఎత్తితే ఓ చాచా నవ్వారు. "నక్కో బేటా! అది పెళ్లికి. పనికి కాదు."

హైదరాబాద్ లక్క గాజులకి 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. ఆ గాజులు చేసే మనిషిని తెరమీద నవాబుగారిలా చూపిస్తే ఆయన చాకిరీ ఎక్కడ కనపడుతుంది?

అందుకని పాత లుంగీ ఒకటి, చొక్కా ఒకటి వెతికి తెచ్చాం. చొక్కా కాలర్‌ని గరుకు కాగితంతో రుద్దాం. టీ డికాక్షన్‌లో నానబెట్టాం. లుంగీకి ఒళ్లో పడేచోట అగరుబత్తితో చిన్న చిన్న చిల్లులు పెట్టాం. షేర్వాణీని తీసేయలేదు. ప్లాస్టిక్ కవర్లో గోడకి తగిలించాం. కూతురి పెళ్లి కోసం ఆయన దాచుకున్నదని చూసేవాళ్లకే అర్థమవుతుంది.

కూతురి దగ్గర అసలు గొడవ వచ్చింది. మదీనా దగ్గర కొత్త డ్రెస్ కొందామన్నాడు మా డైరెక్టర్. ఆ ఇంటి పిల్లకి కొత్తది ఎక్కణ్నుంచి వస్తుంది? కిందటి రంజాన్‌కి కుట్టించుకున్నదే మంచిది, అదే వేసుకుంటుంది అన్నాను. ఒక పాత డ్రెస్ తీసుకుని, పక్క కుట్లు విప్పించి వదులు చేయించాను. పాత కుట్టు గీత అలాగే కనపడుతోంది. "ఫోన్‌లో చూసేవాళ్లకి ఇది కనిపిస్తుందా?" అన్నాడు కెమెరామన్. కానీ అది వేసుకున్న అమ్మాయి, ఎవరూ చెప్పకుండానే మాటిమాటికీ దుపట్టాతో ఆ పక్కని కప్పుకోవడం మొదలెట్టింది. ఆ తర్వాత అతను మాట్లాడలేదు.

చివరి సీన్లో ఆ పిల్ల నాన్న చేసిన గాజులు తీసి, బ్యాగులో పెట్టుకుని బయల్దేరుతుంది. ఆయన ఆ బోసి చేతుల్ని చూస్తాడు. ఆ సీన్‌కి రాసుకున్న రెండు డైలాగులూ కొట్టేశాం.

ఇది మేం కనిపెట్టిందేం కాదు. 'గాంధీ' సినిమాలో సూటు నుంచి కొల్లాయి దాకా ఆ మనిషి మారిన తీరంతా బట్టల్లోనే ఉంది. దానికే భాను అథయ్యా, జాన్ మోలోతో కలిసి 1983లో ఆస్కార్ అందుకున్నారు. మన 'మహానటి' (2018)లో సావిత్రి జీవితంలోని ఎత్తుపల్లాలూ చీరల్లోనే తెలుస్తాయి. ఇంద్రాక్షి పట్నాయక్, గౌరాంగ్ షా, అర్చనా రావులకి జాతీయ అవార్డు ఊరికే రాలేదు.

మీరూ సినిమా తీస్తుంటే ప్రతి పాత్ర బట్టల గురించీ మూడు ప్రశ్నలు వేసుకోండి. ఇది ఎవరు కొన్నారు? ఎన్నిసార్లు ఉతికారు? ఎక్కడ అరిగింది? సీన్ అయ్యాక బట్టలు మార్చేముందు ఒక ఫొటో తీసి పెట్టుకోండి. మర్నాడు మళ్లీ అదే సీన్ తీయాల్సి వస్తే అదే ఆధారం.

సినిమా పూర్తయ్యాక చాచాకి ఫోన్‌లో చూపించాం. బట్టల గురించి ఒక్క మాటా అనలేదు. "ఆ పిల్లకి ఉద్యోగం వచ్చిందా?" అని మాత్రం అడిగారు.