చెక్క గిన్నెకు మీ మాటే మెరుగు

ఎగ్జిబిషన్‌కి వెళ్తాం. చెక్క సామాన్ల దుకాణం ముందు ఆగుతాం. ఒక గిన్నె తీసుకుని అటూ ఇటూ తిప్పి "చాలా బాగుందండీ" అంటాం. తీసినచోటే పెట్టేసి గాజుల దుకాణం వైపు వెళ్ళిపోతాం. మనలాంటి వాళ్ళు రోజుకు యాభైమంది "బాగుంది" అని వెళ్ళిపోతే ఆ గిన్నె చేసినవాడికి మిగిలేదేమిటి? బాగుంటే ఎందుకు కొనలేదో అతనికి ఎవరూ చెప్పరు. తర్వాతి గిన్నె ఎలా చేయాలో అతనికి తెలియదు.

చీర కొనేటప్పుడు మనం ఇలా ఊరుకుంటామా? అంచు చూస్తాం, కొంగు చూస్తాం, రంగు పోతుందా అని నాలుగుసార్లు అడుగుతాం. స్టీలు గిన్నెనైతే వేలితో కొట్టి మందం చెబుతాం. చెక్క దగ్గరికొచ్చేసరికి మాత్రం మాటలు రావు. కవ్వం, తెడ్డు, చపాతీ పీట తప్ప చెక్క మన వంటింట్లోంచి ఎప్పుడో వెళ్ళిపోయింది కదా!

లక్కపిడతల ఊరు

చిన్నప్పుడు మనమంతా ఆడుకున్న లక్కపిడతలు గుర్తున్నాయా? బుల్లి పొయ్యి, బుల్లి బిందె, బుల్లి తిరగలి. అవి తరిణి పట్టి చేసినవే. తరిణి అంటే కొయ్యముక్కను గిర్రున తిప్పే సాధనం. తిరుగుతున్న కొయ్యకు ఉలి ఆనిస్తే గుండ్రంగా చెక్కుకుంటూ పోతుంది. పూర్వం తాడు లాగి తిప్పేవారు, ఇప్పుడు కరెంటు మోటారు తిప్పుతుంది.

ఈ పనికి మన తెలుగువాళ్ళలో పేరుపడ్డ ఊరు ఏటికొప్పాక. వరాహ నది ఒడ్డున ఉంది. ఒకప్పుడు విశాఖపట్నం జిల్లా, 2022 నుంచి అనకాపల్లి జిల్లా. అక్కడ వాడేది అంకుడు కర్ర, మెత్తగా ఉంటుంది. కొయ్య తిరుగుతుండగానే రంగు లక్కను దానికి ఆనిస్తారు. ఆ రాపిడి వేడికి లక్క కరిగి కొయ్యకు పట్టేస్తుంది. ఎండిన మొగలి ఆకుతో రుద్ది మెరుగు పెడతారు.

మధ్యలో రసాయన రంగులు వచ్చి పడ్డాయి. పిల్లలు నోట్లో పెట్టుకునే బొమ్మలకు అవి మంచివి కావు కదా! అదే ఊరికి చెందిన సి.వి.రాజుగారు చేతిపనివారితో కలిసి చెట్ల నుంచి, గింజల నుంచి, ఆకుల నుంచి వచ్చే రంగుల్ని మళ్ళీ వాడుకలోకి తెచ్చారు. జాఫ్రా గింజల నుంచి నారింజ, నీలి ఆకు నుంచి నీలం, పసుపుపచ్చకు మన పసుపే! ఏటికొప్పాక బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. 2023లో రాజుగారికి పద్మశ్రీ ప్రకటించారు. 2025 గణతంత్ర దినోత్సవాన ఢిల్లీలో ఆంధ్రప్రదేశ్ శకటం మీద ఊరేగినవి ఈ బొమ్మలే. ఇంట్లో పిల్లల గురించి ఆలోచిస్తే పని ఎంత మారుతుందో చూడండి.

మా ఆర్మూరులో ఒక గిన్నె

మాది పసుపు పండే ఊరు. మాకు దగ్గర్లోని నిర్మల్‌లో పొనికి కర్రతో బొమ్మలు చేస్తారు గాని, అవి ఉలితో చెక్కి, చింతగింజల పిండితో అతికేవి. తరిణి పని మా దిక్కు అరుదు. అందుకే మా వీధి చివరి వడ్రంగి తమ్ముడు ఒక గిన్నె చేశాడంటే అందరం చూడబోయాం. తలుపులు, మంచాలు చేసే మనిషి. మోటారు బిగించుకుని, కొట్టేసిన వేపచెట్టు మొద్దుతో నాలుగు గిన్నెలు చేశాడు. అంచును సాపు చేయకుండా చెట్టు బెరడును అట్లనే ఉంచేశాడు. పక్కన చిన్న తొర్ర కూడా.

మా అత్తమ్మ చూసి, "గిదేంది బిడ్డా, పని సగంల ఇడిచిపెట్టినవా?" అన్నది. పక్కింటావిడ "పగిలిందేమో" అన్నది. మిగతావాళ్ళంతా బాగుందని వెళ్ళిపోయారు.

అతను నాతో మెల్లగా అన్నాడు: "అక్కా, అందరు మంచిగున్నది అంటున్నరు గాని ఒక్కరు కొంటలేరు. ఇవి పోకపోతే మోటరు అమ్మేస్త. మల్ల తలుపులే చేసుకుంట." ఆ మోటారుకు అప్పు తెచ్చాడని తర్వాత తెలిసింది.

ఒక గిన్నె డబ్బిచ్చి తెచ్చుకున్నాను. నెలరోజులు వాడి చెబుతానన్నాను. మొదటి వారం మరమరాలు పోసి రాత్రంతా ఉంచితే వేప వాసన పట్టింది. తర్వాత నిమ్మకాయలు పెట్టాను, బాగున్నాయి. పసుపు కొమ్ములు పెడితే చూడముచ్చటగా ఉంది. కాని తడిగుడ్డతో తుడిచినప్పుడల్లా బెరడు పొట్టు రాలింది. గట్టు మీద పెడితే ఒకవైపు ఊగింది.

ఇవన్నీ అతనికి చెప్పాను. తొర్ర మాత్రం పూడ్చవద్దన్నాను. దాన్ని చూసే మా ఇంటికొచ్చినవాళ్ళు చేతిలోకి తీసుకుంటున్నారు. అతను మిగతా మూడింటికీ బెరడు తీసేసి, చెట్టు వంపు మాత్రం ఉంచాడు. అడుగు సాపు చేశాడు. రెండు అమ్ముడుపోయాయి, ఒకటి ఇంకా ఉంది. మోటారు అమ్మలేదు.

ఏం చూడాలి?

ఈసారి చెక్క గిన్నె చేతిలోకి తీసుకుంటే ఇవి చూడండి:

* సమంగా ఉన్న బల్ల మీద పెట్టి అంచు నొక్కండి. ఊగితే అడుగు సరిగా లేదన్నమాట.

* బొటనవేలు లోపల, చూపుడువేలు బయట పెట్టి అంచు నుంచి అడుగుదాకా జరపండి. మందం ఒక్కసారిగా మారితే చేతికి తెలుస్తుంది.

* లోపలి మూలకు వేళ్ళు అందుతాయా? అందకపోతే తుడవడం మనకే కష్టం.

* తడి తెల్లగుడ్డతో రుద్దండి. రంగు అంటితే తినే వస్తువులకు వద్దు.

* వాసన చూడండి. పైన ఏం పూశారో అడగండి. లక్క పూతైతే వేడి పదార్థాలు పోయకూడదు. వేడికి మెత్తబడే గుణం ఉండబట్టే కదా లాడ్ బజారులో లక్కను గాజులుగా చుట్టగలుగుతున్నారు!

* కర్ర ఎన్నాళ్ళు ఆరిందో అడగండి. పచ్చి కర్ర ఆరేటప్పుడు అడ్డంగా ఎక్కువ, నిలువుగా చాలా తక్కువ కుంచించుకుపోతుంది. అందుకే గుండ్రటి గిన్నె కొన్నాళ్ళకు కోలగా అవుతుంది, ఒక్కోసారి పగులుతుంది. ముందు మందంగా చెక్కి, నెలల తరబడి నీడన ఆరబెట్టి, మళ్ళీ తరిణికి ఎక్కించి పూర్తిచేస్తే ఆ బాధ తక్కువ.

ఎలా చెప్పాలి?

"బాగాలేదు" అనేది కూడా "బాగుంది" లాగే ఉత్తమాట. ఎక్కడ, ఎందుకు అన్నది చెప్పాలి. "దీంట్లో ఏం పెట్టుకోవచ్చు బాబూ?" అని ముందు అడగండి. అతను పండ్లకోసం చేసినదాన్ని పప్పు పోయడానికి పనికిరాదని తీసిపారేయడం న్యాయం కాదు. నచ్చినదేదో కూడా తప్పకుండా చెప్పండి. లేకపోతే మంచిగా ఉన్నదాన్ని కూడా మార్చేస్తాడు. ధర ఎక్కువనిపిస్తే "ఇంత ఎందుకు?" అని గదమాయించకుండా ఎన్ని రోజుల పనో అడగండి. నలుగురి ముందు కాకుండా పక్కకు పిలిచి చెబితే మాట ఎక్కుతుంది.

"మాకేం తెలుసు, మేం డిజైనర్లమా?" అనుకోవద్దు. రోజుకు ఇరవై గిన్నెలు తోమి, తుడిచి, సర్దే చేతులకు తెలిసినంత ఎవరికి తెలుస్తుంది?

ఇంటికి తెచ్చుకున్నాక

చెక్క గిన్నెను నీళ్ళలో నానబెట్టకండి. తడిగుడ్డతో తుడిచి, వెంటనే పొడిగుడ్డతో ఒత్తి, నీడన బోర్లించండి. లక్క పూత మీద సోడా వాడితే పూత చెడుతుంది.

పసుపు మరక పడితే సబ్బు పెట్టకండి, ఎర్రబడుతుంది. పసుపులో సున్నం కలిపితే పారాణి అయినట్టే! ముందు పొడిగుడ్డతో దులిపి, తడిగుడ్డతో అద్ది, ఉదయపు లేత ఎండలో కాసేపు పెట్టండి. పసుపు రంగు వెలుతురుకు వెలిసిపోతుంది. ఆ కారణంగానే పసుపుతో రంగు వేసిన లక్క సామాన్లను మాత్రం కిటికీ ఎండకు దూరంగా పెట్టాలి.

పూత లేని గిన్నె పొడిబారితే కొబ్బరినూనె, పల్లినూనె రాయకండి. అవి ఆరవు, కొన్నాళ్ళకు ముక్క వాసన వస్తాయి. అవిసె నూనె పలుచగా రాస్తే ఆరి గట్టిపడుతుంది. రాసిన గుడ్డను మాత్రం ఉండచుట్టి మూల పడేయకండి. దానంతటదే వేడెక్కి అంటుకునే ప్రమాదం ఉంది. పరిచి ఆరబెట్టి పారేయండి.

వచ్చే జాతరలోనో, ఎగ్జిబిషన్‌లోనో చెక్క గిన్నె నచ్చితే కొనండి. కొనకపోయినా ఫర్వాలేదు, ఎందుకు కొనడంలేదో ఒక్క మాట చెప్పి రండి. మీకు అర నిమిషం పని. అతనికి తర్వాతి గిన్నె ఎలా చేయాలో తెలుస్తుంది.