పాత ఫ్లైట్ సిమ్యులేటర్ క్రీడలు - ఆధునిక కంప్యూటర్: నిర్వహణ, పరిరక్షణ సమస్యలు

వ్యాససంగ్రహం

ఇరవై, ముప్పై ఏళ్ల క్రితం వెలువడిన ఫ్లైట్ సిమ్యులేటర్ క్రీడలు నేటి కంప్యూటర్లలో చాలావరకు నేరుగా నడవవు. డిస్కులోని సమాచారం చెక్కుచెదరకుండా ఉన్నప్పటికీ ఈ పరిస్థితి ఏర్పడుతుంది. క్రీడ ఆధారపడిన సాంకేతిక పరిసరం మారిపోవడమే ఇందుకు మూలకారణం. ఆ మార్పులను వివరించి, పాత క్రీడను తిరిగి నడిపే మార్గాలను, వాటి పరిమితులను చర్చించడం, ఈ అనుభవం తెలుగు డిజిటల్ సామగ్రి పరిరక్షణకు ఎలా అన్వయిస్తుందో సూచించడం ఈ వ్యాస ఉద్దేశం.

కీలకపదాలు: ఫ్లైట్ సిమ్యులేటర్, డిజిటల్ పరిరక్షణ, ఎమ్యులేషన్, బేగంపేట, మోస్రా, అను ఫాంట్లు, యూనికోడ్

1. ప్రవేశిక

తాళపత్రం చిరిగినా మిగిలిన అక్షరాలను కంటితో చదవవచ్చు. కంప్యూటర్ క్రీడ విషయంలో అటువంటి వెసులుబాటు లేదు. దానిని చూడాలంటే నడపాలి. నడపాలంటే తగిన యంత్రం, ఆపరేటింగ్ సిస్టమ్, గ్రాఫిక్స్ వ్యవస్థ, నియంత్రణ పరికరాలు అన్నీ ఒకేచోట సమకూడాలి. వీటిలో ఏ ఒక్కటి లోపించినా డిస్కు మూగదవుతుంది. బోధన్ ప్రాంతపు రైతుకు ఈ స్థితి కొత్తది కాదు. 1937లో ఏర్పడిన నిజాం చక్కెర కర్మాగారం 2015 డిసెంబరులో మూతపడినప్పుడు పొలంలోని చెరకు గడలో తీపి తగ్గలేదు. దానిని పిండే గానుగ మాత్రమే దగ్గర లేకుండా పోయింది. పాత క్రీడల సమస్య కూడా ఇదే స్వభావం కలది.

అమెరికాలో 2010కి ముందు విడుదలైన పాత వీడియో క్రీడలలో 87 శాతం ఇప్పుడు మార్కెట్టులో లభ్యం కావడం లేదని వీడియో గేమ్ హిస్టరీ ఫౌండేషన్ 2023లో వెలువరించిన అధ్యయనం తేల్చింది. అంటే అధిక భాగం క్రీడలు పాత డిస్కులు దాచుకున్నవారి వద్ద మాత్రమే మిగిలాయి.

2. ఫ్లైట్ సిమ్యులేటర్ పరిణామం

బ్రూస్ ఆర్ట్‌విక్ సబ్‌లాజిక్ సంస్థ ద్వారా ఆపిల్-2 కంప్యూటర్ కోసం రూపొందించిన క్రీడ ఈ పరంపరకు ఆద్యం. దాని ఆధారంగా ఐబీఎం పీసీ కోసం మైక్రోసాఫ్ట్ ఫ్లైట్ సిమ్యులేటర్ 1982లో వెలువడింది. ఆ తొలి క్రీడకు ఆపరేటింగ్ సిస్టమ్ అవసరం లేదు. ఫ్లాపీ నుండి కంప్యూటర్‌ను తానే ప్రారంభించి, యంత్రాన్ని నేరుగా తన అధీనంలోకి తీసుకునేది. ఈ లక్షణం వల్ల 1980లలో ఒక విచిత్రమైన ప్రయోజనం కలిగింది. ఐబీఎంకు అనుకూలమని చెప్పుకునే ఇతర కంపెనీల కంప్యూటర్లు నిజంగా అనుకూలమైనవేనా అని తేల్చడానికి లోటస్ 1-2-3తో పాటు ఫ్లైట్ సిమ్యులేటర్‌ను నడిపి చూసేవారు. ఒకనాడు యంత్రాల అనుకూలతకు గీటురాయిగా నిలిచిన క్రీడే నేడు అనుకూలత లేక నిలిచిపోవడం గమనార్హం.

1993లో 5.0, 1996లో విండోస్ 95 కూర్పు, 1997లో ఫ్లైట్ సిమ్యులేటర్ 98 వచ్చాయి. రైట్ సోదరుల తొలి విమానయానానికి నూరేళ్లు నిండిన సందర్భంగా 2003లో 'ఎ సెంచరీ ఆఫ్ ఫ్లైట్' అనే ఉపశీర్షికతో వెలువడినది ఫ్లైట్ సిమ్యులేటర్ 2004. తరువాతది 2006 నాటి ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్. దీనిని నిర్మించిన ఏసెస్ స్టూడియోను మైక్రోసాఫ్ట్ 2009లో మూసివేసింది. సుదీర్ఘ విరామం తరువాత 2020లో పూర్తిగా కొత్త నిర్మాణంతో ఈ క్రీడ తిరిగి వచ్చింది.

3. బేగంపేట నుండి మోస్రా వరకు

పాత సిమ్యులేటర్‌ను నిలుపుకోవలసిన అవసరం ఏమిటన్న ప్రశ్నకు హైదరాబాదు విమానాశ్రయం మంచి సమాధానం. 2008 మార్చి 23న శంషాబాద్ విమానాశ్రయం ప్రారంభం కావడంతో బేగంపేటలో సాధారణ ప్రయాణికుల విమానాల రాకపోకలు ముగిశాయి. అంతకుముందే వెలువడిన 2004 క్రీడలో హైదరాబాదు అంటే బేగంపేటే. శంషాబాద్ అందులో లేదు. నగర విమానయాన చరిత్రలో ముగిసిపోయిన ఒక దశ ఆ డిస్కులో అలాగే నిలిచి ఉంది.

బేగంపేట నుండి నిజామాబాదు జిల్లా మోస్రాకు వాయుమార్గంలో దూరం సుమారు 140 కిలోమీటర్లు. ఉత్తర వాయవ్య దిశగా సెస్నా 172లో సాగితే దాదాపు 40 నిమిషాల ప్రయాణం. జక్రాన్‌పల్లిలో విమానాశ్రయం నిర్మించాలన్న ప్రతిపాదన ఉన్న ఈ జిల్లాలో, తన ఊరిని ఆకాశం నుండి చూడాలనుకునే విద్యార్థికి సిమ్యులేటర్ సులభమైన సాధనం. అయితే 2004 క్రీడలో మోస్రాకు ప్రత్యేక రూపం లేదు. ఆ కాలపు సాంకేతికత భూమిని అడవి, పంటపొలం, పట్టణం వంటి కొన్ని వర్గాలుగా విభజించి, ప్రతి వర్గానికీ ముందే సిద్ధం చేసిన చిత్రాలను పరిచేది. అందుచేత చెరకు తోటకూ వరిమడికీ తేడా కనిపించదు.

2020 క్రీడ ఈ లోపాన్ని తీర్చింది. బింగ్ పటాల ఉపగ్రహ, వైమానిక చిత్రాల ఆధారంగా పొలాలు, చెరువులు, రోడ్లు వాటి వాటి స్థానాల్లో కనిపిస్తాయి. కాని రెండు పెటాబైట్లకు మించిన ఆ సమాచారం క్రీడాకారుని ఇంట ఉండదు. మైక్రోసాఫ్ట్ సర్వర్ల నుండి అంతర్జాలం ద్వారా ఎప్పటికప్పుడు ప్రవహిస్తుంది. అనుసంధానం తెగితే నాణ్యత తగ్గిన భూదృశ్యమే మిగులుతుంది. పాత క్రీడలో మోస్రా లేదు, కాని క్రీడ మొత్తం డిస్కులో ఉంది. కొత్త క్రీడలో మోస్రా ఉంది, కాని అది చూసేవారి చేతిలో లేదు. సర్వర్లు ఆగిన రోజున ఏమి జరుగుతుందో 'ది క్రూ' అనే కారు పందెం క్రీడ చూపింది. 2024లో యూబీసాఫ్ట్ దాని సర్వర్లను నిలిపివేయగానే కొనుక్కున్నవారికి సైతం ఆ క్రీడ ఆడే అవకాశం లేకపోయింది.

4. పాత క్రీడ నడవకపోవడానికి కారణాలు

4.1 ప్రాసెసర్, ఆపరేటింగ్ సిస్టమ్: 64 బిట్ విండోస్ 16 బిట్ ప్రోగ్రాములను స్వీకరించదు. విండోస్ 11 కంప్యూటర్లకు 64 బిట్ రూపంలోనే లభిస్తుంది. డాస్ కాలపు క్రీడలు ఇందువల్ల ఆరంభమే కావు. 1990ల చివరి క్రీడలు కొన్ని 32 బిట్‌వే అయినా, వాటిని స్థాపించే ఇన్‌స్టాలర్ 16 బిట్‌ది అయితే తొలి మెట్టులోనే ఆగిపోతాయి.

4.2 వేగం: తొలి తరం ప్రోగ్రాములు కొన్ని కాలాన్ని గడియారంతో కాక ప్రాసెసర్ చేసే ఆవృత్తుల లెక్కతో కొలిచేవి. అటువంటివి వేగవంతమైన యంత్రంపై అదుపు తప్పిన వేగంతో పరుగెడతాయి. పాత కంప్యూటర్ల డబ్బాలపై ఉండిన టర్బో మీట ఈ సమస్యకు నాటి పరిష్కారం. దానితో ప్రాసెసర్ వేగాన్ని తగ్గించే వీలుండేది.

4.3 గ్రాఫిక్స్: డైరెక్ట్ త్రీడీ తొలి కూర్పులకు, త్రీడీఎఫ్‌ఎక్స్ సంస్థ గ్లైడ్ పద్ధతికి రాసిన చిత్రణ ఆదేశాలను నేటి గ్రాఫిక్స్ కార్డులు సరిగా అర్థం చేసుకోవు. ఫలితంగా తెర నల్లబడటం, అక్షరాలు మాయమవడం, రంగులు చెదరడం సంభవిస్తాయి.

4.4 నకలు నిరోధం: ఫ్లైట్ సిమ్యులేటర్ 2004 నాలుగు సీడీలతో, సేఫ్‌డిస్క్ అనే నకలు నిరోధక వ్యవస్థతో వచ్చింది. ఆ వ్యవస్థ డ్రైవర్ భద్రతకు భంగకరమని గుర్తించి మైక్రోసాఫ్ట్ 2015లో విండోస్ 10 నుండి దానిని తొలగించింది. అదే ఏడాది సెప్టెంబరులో పాత విండోస్‌లలోనూ నిలిపివేసింది. అసలైన డిస్కు కొన్న వ్యక్తి సైతం దొంగనకలు వాడేవానిలా గుమ్మం బయట నిలబడవలసి వచ్చింది.

4.5 నియంత్రణ పరికరాలు: 15 సూదుల గేమ్ పోర్టుకు తగిలించే జాయ్‌స్టిక్‌లకు విండోస్ విస్టా నుండి ఆదరణ లేదు. ఈ ఇబ్బంది తీరాలంటే యూఎస్‌బీ జాయ్‌స్టిక్ కావాలి.

5. నడిపించే మార్గాలు

క్రీడ ఏ కాలానికి చెందినదన్న విషయాన్ని బట్టి మార్గం మారుతుంది.

డాస్ కాలపు క్రీడలకు డాస్‌బాక్స్ తగినది. 2002లో తొలిసారి విడుదలైన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ పాత ప్రాసెసర్‌ను, సౌండ్ బ్లాస్టర్ కార్డును, నాటి తెర వ్యవస్థను సాఫ్ట్‌వేర్‌గా పునర్నిర్మిస్తుంది. ప్రాసెసర్ వేగాన్ని అంకెలతో తగ్గించే ఏర్పాటు ఇందులో ఉంది కనుక 4.2లో చెప్పిన సమస్య తొలగుతుంది. యంత్రం లేనిచోట దాని ప్రవర్తనను మరొక యంత్రం చేత అభినయింపజేయడమే ఎమ్యులేషన్.

విండోస్ 95, 98 కాలపు క్రీడలు కష్టతరమైనవి. సాధారణ వర్చువల్ యంత్రాలలో విండోస్ 98ను స్థాపించవచ్చు గాని నాటి త్రిమితీయ చిత్రణ వాటిలో సరిగా అందదు. 86బాక్స్ వంటి ఎమ్యులేటర్లు మదర్‌బోర్డుతో పాటు వూడూ గ్రాఫిక్స్ కార్డును కూడా అనుకరిస్తాయి. అయితే ఇందుకు శక్తిమంతమైన ప్రాసెసర్ అవసరం. పాతికేళ్ల నాటి యంత్రాన్ని యథాతథంగా అభినయించడానికి దానికంటే ఎన్నో రెట్లు బలమైన యంత్రం కావలసి రావడం ఈ పద్ధతిలోని ప్రధాన వ్యయం.

ఫ్లైట్ సిమ్యులేటర్ 2004 విషయంలో క్రీడకు చివరగా వెలువడిన 9.1 సవరణను స్థాపించడం, ప్రోగ్రామ్ ఫైల్స్‌లో కాక వేరొక ఫోల్డరులో ఉంచడం ఉపకరిస్తాయి. విస్టా నుండి ప్రోగ్రామ్ ఫైల్స్‌లో రాయడంపై ఆంక్షలు ఉన్నాయి. ఈ క్రీడ తన ఫోల్డరులోనే మార్పులు రాసుకుంటుంది. చిత్రణలో దోషాలు కనిపిస్తే డీజీవూడూ-2 వంటి అనువాదక సాఫ్ట్‌వేర్ పాత ఆదేశాలను డైరెక్ట్ త్రీడీ 11, 12 ఆదేశాలుగా మార్చి అందిస్తుంది. బహుక్రీడాకారుల విభాగానికి అవసరమైన డైరెక్ట్‌ప్లేను విండోస్ ఫీచర్ల జాబితాలో విడిగా ప్రారంభించుకోవాలి.

సేఫ్‌డిస్క్ చిక్కుకు నిరపాయమైన పరిష్కారం విండోస్ ఎక్స్‌పీ ఉన్న పాత కంప్యూటర్‌ను భద్రపరచుకోవడం. గ్రామీణ పాఠశాలల్లో, ఇళ్లలో మూలన పడిన యంత్రాలు ఇందుకు పనికివస్తాయి. ఎక్స్‌పీకి భద్రతా సవరణలు 2014 ఏప్రిల్‌తో ఆగిపోయినందున దానిని అంతర్జాలానికి కలపరాదు.

ఫ్లైట్ సిమ్యులేటర్ ఎక్స్ నేటి విండోస్‌పై సాధారణంగా నేరుగానే నడుస్తుంది. 32 బిట్ ప్రోగ్రాము కావడం చేత నాలుగు గిగాబైట్ల జ్ఞాపకశక్తికి మించి వాడుకోలేకపోవడం, దృశ్యాలు అధికమైనప్పుడు మధ్యలో ఆగిపోవడం దాని పరిమితులు. 2014 డిసెంబరులో డవ్‌టెయిల్ గేమ్స్ స్టీమ్ ద్వారా వెలువరించిన కూర్పుకు డిస్కుతో పని లేదు.

వీటన్నిటికీ భిన్నమైన దారి ఫ్లైట్‌గేర్. 1997లో తొలిసారి విడుదలైన ఈ సిమ్యులేటర్ మూలసంకేతం బహిరంగంగా లభిస్తుంది. యంత్రాలు మారినప్పుడల్లా ఆ సంకేతాన్ని సవరించి కొత్త యంత్రానికి తగినట్లు మలచుకోవచ్చు. రహస్యంగా ఉంచిన ప్రోగ్రాముకు చుట్టూ పాత లోకాన్ని నిర్మించాలి. బహిరంగమైన ప్రోగ్రామును కొత్త లోకంలోకి నడిపించవచ్చు.

6. చట్టపరిధి

భారత కాపీరైట్ చట్టం 52వ సెక్షను ప్రకారం కంప్యూటర్ ప్రోగ్రామును న్యాయంగా కలిగి ఉన్న వ్యక్తి, నష్టం నుండి తాత్కాలిక రక్షణ కోసం భద్రతా నకలు చేసుకోవచ్చు. 2012 సవరణతో చేరిన 65ఎ సెక్షను, హక్కులను ఉల్లంఘించే ఉద్దేశంతో సాంకేతిక రక్షణను ఛేదించడాన్ని శిక్షార్హం చేసింది. సొంత డిస్కుకు నకలు తీసి దాచుకోవడానికీ, ఆ నకలును పంచిపెట్టడానికీ మధ్య ఉన్న గీతను పరిరక్షకులు స్పష్టంగా గుర్తించాలి. మార్కెట్టులో లభించకపోవడం వల్ల క్రీడపై యజమాని హక్కు రద్దు కాదు.

7. తెలుగు డిజిటల్ సామగ్రికి అన్వయం

ఈ చర్చ క్రీడలకే పరిమితం కాదు. జిల్లాల డీటీపీ కేంద్రాలలో పేజ్‌మేకర్, అను ఫాంట్లతో కూర్చిన పుస్తకాలు, సంచికలు, సిద్ధాంత గ్రంథాలు ఇదే స్థితిలో ఉన్నాయి. పేజ్‌మేకర్ చివరి కూర్పు 7.0 వెలువడినది 2001లో. అను వంటి పాత ఫాంట్లు తెలుగు అక్షర ఖండాలను ఆంగ్ల అక్షరాల సంకేత స్థానాలలో నిలిపాయి. ఫాంటు లేని కంప్యూటర్‌లో ఆ ఫైలు తెరిస్తే అర్థంలేని ఆంగ్ల అక్షరాలు, గుర్తులు కనిపిస్తాయి. అక్కడ కూడా సమాచారం పోలేదు. దానిని తెలుగుగా చూపే పరిసరం పోయింది.

పరిష్కారాలూ సమాంతరమైనవే. పాత ఫైలును యూనికోడ్‌లోకి మార్చడం ఫ్లైట్‌గేర్ మార్గానికి దగ్గరిది: పాఠం కొత్త యంత్రాలలో వెతకడానికి, ఉదాహరించడానికి వీలవుతుంది, కాని పుటల కూర్పు చెదురుతుంది, మార్పిడిలో వత్తులు, గుణింతాలు తారుమారు కావచ్చు. ఎక్స్‌పీ వర్చువల్ యంత్రంలో పేజ్‌మేకర్‌ను నడపడం డాస్‌బాక్స్ మార్గం వంటిది: పుట యథాతథంగా దక్కుతుంది, కాని పాఠం ఆ యంత్రంలోనే బందీగా ఉంటుంది. ఫైళ్లను మార్చుకుంటూ పోతే మూలరూపం క్రమంగా నశిస్తుందని, ఎమ్యులేషన్ మేలని అమెరికా పరిశోధకుడు జెఫ్ రోథెన్‌బర్గ్ 1999లో వాదించాడు. తెలుగు సామగ్రికి ఈ రెండూ కలిసి అవసరం: పాఠానికి యూనికోడ్, రూపానికి మూల ఫైలు, దానిని తెరిచే సాఫ్ట్‌వేర్, ఫాంటు.

8. ముగింపు

1. పాత ఫ్లైట్ సిమ్యులేటర్ నడవకపోవడానికి ప్రాసెసర్, వేగం, గ్రాఫిక్స్, నకలు నిరోధం, పరికరాలు అనే ఐదు స్థాయిలలో పరిసరం మారడం కారణం. ఏ స్థాయిలో ఆగిందో గుర్తించిన తరువాతనే పరిష్కారం ఎంచుకోవాలి.

2. డాస్ క్రీడలకు డాస్‌బాక్స్, విండోస్ 98 క్రీడలకు 86బాక్స్ వంటి ఎమ్యులేటర్, 2004 క్రీడకు ఎక్స్‌పీ యంత్రం అనుకూలమైనవి. ఎక్స్ కూర్పు నేటి యంత్రంపైనే నడుస్తుంది.

3. సొంత డిస్కు నుండి భద్రతా నకలు తీయడం, ఉత్పత్తి సంఖ్యను, ముద్రిత సూచికను, సవరణ ఫైళ్లను ఒకేచోట ఉంచడం పరిరక్షణలో తొలి పని. డిస్కు పాడైన తరువాత ఏ ఎమ్యులేటరూ ఉపకరించదు.

4. సర్వర్లపై ఆధారపడే కొత్త క్రీడలకు ఈ మార్గాలేవీ వర్తించవు. మోస్రా పొలాలను ఉన్నవి ఉన్నట్లు చూపే క్రీడ, వాటిని చూపలేని క్రీడ కంటే ముందే కనుమరుగయ్యే అవకాశం ఉంది.

5. తెలుగు గ్రంథాల మూల ఫైళ్లకూ ఇదే సూత్రం వర్తిస్తుంది. ఫైలును మాత్రమే దాచడం చాలదు. అది తెరుచుకునే పరిసరాన్ని కూడా దాచాలి. పేజ్‌మేకర్ ఉన్న చివరి కంప్యూటర్‌ను పాత సామానుకు అమ్మకముందే ఆ పని జరగాలి.