ఇన్‌ఫ్లుయెంజా మహమ్మారి - ముందు జాగ్రత్త

క్రీ.శ. 639 ప్రాంతంలో, అమ్వాస్ ప్లేగు కాలంలో, హజ్రత్ ఉమర్ (రజి) సిరియాకు ప్రయాణమై సర్గ్ అనే చోటికి చేరారు. ముందున్న దేశంలో తెగులు వ్యాపించి ఉన్నదని సేనాపతులు ఎదురువచ్చి తెలియజేశారు. ఖలీఫా మొదట ముహాజిర్లను, పిమ్మట అన్సార్లను సంప్రదించారు. రెండు వర్గాలలోనూ భిన్నాభిప్రాయాలే వచ్చాయి. ఖురైష్ పెద్దలు మాత్రం వెనుదిరగడమే మేలని ఏకకంఠంతో చెప్పారు. దైవనిర్ణయం నుండి పారిపోవడమా అని హజ్రత్ అబూ ఉబైదా (రజి) ప్రశ్నించగా, ఒక దైవనిర్ణయం నుండి మరొక దైవనిర్ణయం వైపుకే పోతున్నామని ఖలీఫా సమాధానమిచ్చారు. తెగులున్న చోటికి పోరాదనీ, తామున్న చోట తెగులు వస్తే దానికి వెరచి పారిపోరాదనీ దైవప్రవక్త (స) చెప్పగా విన్నానని అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి) అటుపిమ్మట తెలిపారు.

ఈ నియమం ఇన్‌ఫ్లుయెంజాకు ఎంతవరకు వర్తిస్తుంది? ప్లేగు ప్రధానంగా ఎలుకల మీది గోమార్ల వలన వ్యాపిస్తుంది. ఇన్‌ఫ్లుయెంజా దగ్గు, తుమ్ము, మాట, ఊపిరి వెంట పోతుంది. జ్వరం తగలడానికి ఒకరోజు ముందే రోగి దానిని ఇతరులకు అంటించగలడు. ఆరోగ్యంగా కనిపించేవాడు కూడా రోగాన్ని మోసుకుపోతాడన్నమాట.

ఏటేటా వచ్చే ఫ్లూ వేరు, మహమ్మారి వేరు. ఏటా వచ్చే వైరస్ కొద్దికొద్దిగా మారుతుంది. పాత జ్వరాల వలన కలిగిన నిరోధకశక్తి కొంత మిగిలి ఉంటుంది. కాని పక్షుల వైరస్, మనుషుల వైరస్ ఒకే జీవకణంలో కలిసినప్పుడు వాటి ఎనిమిది జన్యుఖండాలు తారుమారై, లోకంలో ఎవరి శరీరమూ ఎరుగని కొత్త రూపం పుట్టవచ్చును. 1957, 1968 మహమ్మారులు ఇట్లా వచ్చినవే. 2009లో వచ్చినది పందుల నుండి.

అన్నిటిలోకి ఘోరమైనది 1918 నాటిది. జూన్‌లో బొంబాయి రేవులో కనిపించిన జ్వరం రైలుమార్గాల వెంట దేశమంతా ప్రాకింది. శరదృతువులో రెండవ అల వచ్చింది. ఆ ఏడు వానలు కూడా తప్పాయి. భారతదేశంలో కనీసం 1 కోటి 20 లక్షల మంది మరణించారని అంచనా. పసివారు, వృద్ధులే కాక, ఇరవై, ముప్ఫై ఏళ్ల వయసువారు విశేషంగా పోవడం ఆ తెగులు ప్రత్యేకత. కుటుంబాన్ని పోషించే చేతులే పోయాయి.

అదే 1918 నవంబరులో తలూన్ అనే ఓడ న్యూజిలాండ్ నుండి పశ్చిమ సమోవా చేరింది. ఓడలో రోగులున్నా దిగనిచ్చారు. అక్కడి జనాభాలో అయిదవ వంతుకు మించి చనిపోయారు. సమీపంలోని అమెరికన్ సమోవాలో గవర్నరు రేవును కట్టడి చేశారు. అక్కడ ఆ జ్వరంతో చనిపోయినవారు లేరు. సర్గ్ నిర్ణయానికి ఇంతకంటె స్పష్టమైన నిదర్శనం దొరకడం కష్టం.

అయితే సమోవా ద్వీపం. హైదరాబాదు వంటి నగరానికి అట్లా ద్వారాలు మూయడం సాధ్యం కాదు. రాకపోకలను తగ్గిస్తే తెగులు ఆగదు, ఆలస్యమవుతుంది. ఆ ఆలస్యమే విలువైనది. 2009 ఏప్రిల్‌లో కొత్త వైరస్‌ను గుర్తించినా, టీకా చేతికందేసరికి శరత్కాలం వచ్చింది. ఆ నడుమ నెలలలో కాపాడేది జనుల నడవడియే. ఒసెల్టామివిర్ మందున్నది గాని, మొదటి 48 గంటలలో ఇస్తేనే అది బాగా పనిచేస్తుంది. రోగులందరూ ఒకే వారంలో ఆసుపత్రికి వస్తే ప్రాణవాయువు చాలదు; అదే సంఖ్య మూడు నెలలపై పరచుకుంటే చాలవచ్చును.

జ్వరమున్నవాడు జమాఅత్‌కు రాకపోవడం భక్తిలోపమని భావించేవారు ఇంకా ఉన్నారు. పచ్చి వెల్లుల్లి తిన్నవారు మస్జిదుకు రావద్దన్న హదీసు ప్రసిద్ధమే. పక్కవారికి వాసనే బాధ అయినప్పుడు అంటురోగం మాటేమిటని ఫఖీహులు కొందరు ఆ నియమాన్ని విస్తరించారు. 2020లో, ఇన్‌ఫ్లుయెంజా కాని కోవిడ్ వచ్చినప్పుడు, హజ్‌ను సుమారు వేయి మందికి పరిమితం చేయవలసి వచ్చింది. అంత పెద్ద విధికే సడలింపు ఉండగా, మొహల్లా మస్జిదులో ఒక పంక్తి ఖాళీగా ఉండడం పెద్ద విషయం కాదు.

ఇంటి సిద్ధత అంతకంటె చిన్నది, కాని ఎక్కువగా మరచిపోయేది. ఒకే గది ఉన్న ఇంట్లో రోగిని కిటికీ దగ్గర, తక్కినవారిని ఎదురుమూలన పడుకోబెట్టడం. చక్కెరవ్యాధి, రక్తపోటు మందులు నెలకు సరిపడా ఉంచడం. వృద్ధులకు ఏటా ఫ్లూ టీకా వేయించడం. ఆయాసం వచ్చినా, పెదవులు నీలంగా మారినా, తగ్గిన జ్వరం మళ్లీ తిరగబెట్టినా ఆసుపత్రికి పోవలసినదే. రోగికి పరిచర్య ఎవరు చేయాలో మాత్రం జ్వరం రాకముందే ఇంటిల్లిపాదీ కూర్చుని నిర్ణయించుకోవాలి. గర్భిణికి ఆ పని అప్పగించరాదు. ఇంట్లో జ్వరం వచ్చి తేరుకున్నవారుంటే వారే తగినవారు.