ఒక తీగ, పలు కంప్యూటర్లు: సంఘ కార్యాలయమున ఇంటర్నెట్టు పంపకము

ఏటికి 550 మిల్లీమీటర్లకు అటునిటుగ వాన కురియు అనంతపుర సీమలో, ఉన్న నీటిని పంచుకొను విద్య మన పెద్దలకు బాగుగ తెలిసియుండెను. చెఱువు ఒకటి, తూము ఒకటి. దాని క్రింది మళ్లు అనేకములు. నీరుగంటి వంతు చొప్పున మడవ త్రిప్పుచుండుటచేతనే కడపటి మడికిని తడి అందెడిది. ఇప్పుడు మన గ్రామములకు ఇంటర్నెట్టు అను మఱొక కాలువ వచ్చినది. దీనికిని నీరుగంటి కావలెనని నేను ఒక పొరపాటు చేసి నేర్చుకొంటిని.

ఒక కారున వేరుశనగ విత్తనశుద్ధి చూపుటకై నేనొక గ్రామమునకు పోయితిని. నాడు పంటల బీమా దరఖాస్తులకు కడపటి దినము. సంఘ కార్యాలయమున మూడు కంప్యూటర్లున్నవి, తీగ ఒక్కటే. అరుగుపై రైతులు పాసుపుస్తకములు చేతబట్టుకొని కూర్చుండిరి. గుమాస్తా ఎన్ని మాఱులు యత్నించినను దరఖాస్తు సగములో నిలిచిపోవుచుండెను. ఎక్కడనో తీగ తెగినదని అందఱును తలచిరి. సాయంకాలమునకు గాని అసలు సంగతి బయటపడలేదు. అరుగు చివరనున్న యువకులు సంఘపు వై-ఫై పట్టుకొని ఫోనులలో సినిమాలు చూచుచుండిరి. ఆ పాస్‌వర్డును ఉదయము నా ప్రదర్శన చిత్రములు చూపుటకై వారికి చెప్పినవాడను నేనే. ఏడుగురి దరఖాస్తులు మిగిలిపోయినవి. అయిదుగురు ఆ రాత్రియే మండల కేంద్రమునకు పోయి పని ముగించుకొనిరి. మిగిలిన యిద్దఱు వృద్ధులు పోలేకపోయిరి.

ఇది ఒక్క యూరి సంగతియని ఉపేక్షింపరాదు. 2017 డిసెంబరు 27వ తేదీన నాటి రాష్ట్రపతి శ్రీ రామ్‌నాథ్ కోవింద్ గారు వెలగపూడిలో మన రాష్ట్రపు ఫైబర్‌నెట్టును ప్రారంభించిరి. విద్యుత్ స్తంభముల మీదుగ తీగలు లాగి, నెలకు 149 రూపాయల ఆరంభ ధరకు ఇంటింటికి ఇచ్చుట దాని సంకల్పము. 2022 జూన్ 29వ తేదీన కేంద్ర మంత్రివర్గము 63,000 ప్రాథమిక సహకార సంఘములను కంప్యూటరు లెక్కలలోనికి తెచ్చుటకు 2,516 కోట్ల రూపాయల పథకము నంగీకరించినది. కావున ఒక తీగను పలు యంత్రములకు పంచుట సంఘములన్నిటికిని కావలసిన విద్య యైనది.

తీగ కొసన రెండు పనులు జరుగవలెను. సన్నని గాజుపోగులో వచ్చు వెలుగును విద్యుత్సంకేతముగ మార్చుట మొదటిది. వచ్చినదానిని పంచుట రెండవది. పంచునట్టి పెట్టెకు రూటరని పేరు. పలుచోట్ల రెండును ఒకే పెట్టెలో నిమిడియుండును. ఇంటర్నెట్టున తొలుత నేర్పఱచిన చిరునామాలు సుమారు 429 కోట్లు మాత్రమే. లోకమందలి యంత్రములన్నిటికిని అవి చాలవు గనుక, కొన్ని అంకెల వరుసలను లోపలి వాడుకకై ప్రత్యేకించిరి. 192.168 అని మొదలగునవి అట్టివే. రూటరు లోపలి ప్రతి కంప్యూటరునకు ఇట్టి అంకె నిచ్చి, ఎవరేమి కోరిరో చిట్టాలో నుంచుకొని, బయటినుండి వచ్చిన జవాబును అడిగినవారికే చేర్చును. ఊరికి తపాలా సంచి ఒకటే వచ్చినను, ఎవరి జాబు వారికందుట వంటిదే యిది.

ఇక కొలత సంగతి. మన తీగ సెకనునకు 15 మెగాబిట్లు మోయునదనుకొందము. తేటగ కనబడు వీడియో ఒకటి సుమారు 5 మెగాబిట్లు త్రాగును. మూడు ఫోనులలో మూడు వీడియోలాడినచో కాలువ యెండినట్లే. దరఖాస్తునకు కావలసినది మిక్కిలి స్వల్పము. ఆ స్వల్పమునకును నాడు దారి లేకపోయినది.

అందుచేత సంఘములవారు ఈ క్రింది యేర్పాట్లు చేసికొనవలెను. లెక్కల కంప్యూటర్లకు వై-ఫై గాక, రూటరునుండి నేరుగ కేబులు వేయవలెను. రాగి కేబులు 100 మీటర్ల వఱకు నమ్మకముగ పనిచేయును. రూటరు రంధ్రములు చాలనిచో స్విచ్చి యను చిన్నపెట్టె చేర్చిన చాలును. రూటరును ఇనుప బీరువాలో దాచరాదు. గది నడుమ ఎత్తున నుంచవలెను. దళసరి రాతిగోడలును, రేకులును వై-ఫైని బాగుగ తగ్గించును. వచ్చిపోవువారికి వేఱు వై-ఫై పేరు, వేఱు పాస్‌వర్డు నేర్పఱచు సదుపాయము నేటి రూటర్లలో పెక్కింటికి కలదు. దానికి వేగపు హద్దు పెట్టవచ్చును; కడపటి దినములలో పూర్తిగ నాపవచ్చును. రూటరుతో వచ్చిన తొలి పాస్‌వర్డును మొదటి దినముననే మార్చవలెను. కరెంటు పోయినపుడు పెట్టెలు ఆరిపోకుండ చిన్న బ్యాటరీ యొకటి యుండుట మేలు.

ఇరుగుపొరుగులకు పాస్‌వర్డు ఇచ్చుట ఉపకారమని కొందఱందురు. ఉపకారమే గాని, బయటివారికి మన యంత్రములన్నియు ఒకే చిరునామాగ కానవచ్చును. పొరుగువాడు చేసిన మోసమునకు విచారణ తొలుత తీగ ఎవరి పేరనున్నదో వారి యింటికే వచ్చును. ఊరందఱికి వై-ఫై ఇయ్యదలచినచో 2020 డిసెంబరున కేంద్రప్రభుత్వ మంగీకరించిన పీఎం-వాణి పద్ధతి యున్నది. అందు చిన్న దుకాణదారుడైనను లైసెన్సు లేకయే, ఎవరు వాడుచున్నారో నమోదగునట్లు, ఇంటర్నెట్టు నందీయవచ్చును.

ఈ నెల సంఘ సమావేశమున సభ్యులు ఒక్క ప్రశ్న వేయవలెనని నా మనవి: మన రూటరునకు నీరుగంటి యెవరు? పాస్‌వర్డు ఎవరియొద్ద నున్నదో, కడపటి దినమున ఇతరుల వాడుకను ఆపు అధికార మెవరిదో తీర్మానపు పుస్తకమున వ్రాయించుడు. ఆ యూరి సంఘమువారు అట్లే వ్రాయించుకొనిరి. నాటినుండి నేను ఏ కార్యాలయమునకు పోయినను నా చిత్రములను నా ఫోనులోనే నింపుకొని పోవుచున్నాను.