అత్తగారి పాట - ఇంటి కంప్యూటరు

చోడవరములోని మా యింట మధ్యాహ్నపు పనులు తీరిన పిమ్మట మా అత్తగారు ‘ఊర్మిళాదేవి నిద్ర’ పాడుట కలదు. పుస్తకము చూచి నేర్చినది కాదు. తల్లి నోట విన్నది. ఇట్టి స్త్రీల రామాయణపు పాటలనుగూర్చి వెల్చేరు నారాయణరావుగారు 1991లో ఆంగ్లమున గొప్ప వ్యాసము ప్రకటించిరి. అయినను అచ్చులో నిలుచునవి మాటలే. ఆమె గొంతు, నడుమ నాపి చెప్పెడి ముచ్చటలు కాగితమున కెక్కవు. మొన్నటి వేసవిలో దగ్గు పట్టి నెల దినములు ఆమెకు గొంతు పెగలకపోగా మాకు భయము కలిగి, ఒక చిన్న మైకు తెప్పించితిమి.

మొదటి దినమున మేము పడిన పాటు చెప్పుకొనుటకు సిగ్గగుచున్నది. ముప్పావు గంట పాడించి, తీరా వినగా పంకా చప్పుడును, కుక్కరు ఈలయును చక్కగా వినవచ్చెను గాని పాట మాత్రము నూతిలోనుండి వచ్చునట్లుండెను. కారణమేమన, మేము మైకు తగిలించినను కంప్యూటరు దానిని గైకొనక, తనలో నమర్చియున్న మైకుతోనే వినుచుండెను. కావున సోదరీమణులారా! ముందుగా సెట్టింగులలో ‘సౌండు’ అనుచోట ‘ఇన్‌పుట్’ క్రింద మీ మైకు పేరు నెన్నుకొనుడు. పిదప మైకును గోటితో మెల్లగా తట్టుడు. తెరపై గీత యెగిరినచో అదియే వినుచున్నదని యెరుగునది.

తగిలించుటలోను మెలకువ యున్నది. బల్లపై నుంచెడి పెద్ద కంప్యూటరులకు సాధారణముగా గులాబిరంగు రంధ్రము మైకునకు, ఆకుపచ్చది వినుటకు. లాప్‌టాపులకు తరచుగా రెంటికి నొకటే రంధ్రము. దానికి మూడు నల్లగీతలు గల మొన కావలెను. రెండే గీతలున్నచో నడుమ నొక చిన్న తీగ కొనవలసియుండును. ఈ చిక్కులేమియు వలదనువారికి యు.ఎస్.బి. మైకు మేలు.

వినాయకుని పందిరిలోని మైకు అడిగి తెచ్చుకొనుడని పొరుగావిడ సలహా నిచ్చినది. స్వయంభూ విఘ్నేశ్వరుడు వెలసిన యూరిలో అట్టి మైకులకు కొదువ లేదు గాని, వాని సన్నని ధ్వనిని పెంచుటకు వేరు యంత్రము కావలెను. 1962లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలలో జేమ్స్ వెస్టు, గెరార్డు సెస్లరు అనువారు కనిపెట్టిన ఎలక్ట్రెట్ జాతి చిన్న మైకులకు కంప్యూటరు రంధ్రమునుండి వచ్చు కొద్దిపాటి విద్యుత్తే చాలును.

మైకును నోటికి జానెడు దూరమున, కొంచెము ప్రక్కగా నుంచవలెను. ఎదురుగా నున్నచో ప, బ లు పలికినప్పుడెల్ల ఊపిరి తగిలి టపటపమనును. గీత యెర్రని హద్దును తాకరాదు. పంకా ఆపక తప్పదు; మన యెండలకు అది యెవరి తరము? అందుచేత తెల్లవారుజామున కూర్చుంటిమి. ఉచితముగా దొరకు ‘ఆడాసిటీ’తో పట్టి, వేవ్ రూపమున దాచితిమి; గంట పాటకు సుమారు 320 మెగాబైట్లు పట్టును. బంధువులకు పంపుటకు ఎం.పి.3 ప్రతి వేరుగా చేసితిమి. అసలు ప్రతిని రెండు చోట్ల నుంచుట మరువకుడు.

అత్తగారు చెవులకు పెట్టుకొని తుదివరకు విని, “అమ్మాయీ, నిద్ర లేపేచోట ఒక చరణం తప్పేను. రేపు మళ్లీ పడతావా?” అనిరి. గడియారమునకు నాలుగు గంటల అలారము పెట్టితిమి.