టాకీసు కాడ దిగాల!

"టాకీ పార్టు పూర్తయింది. ఇక రెండు పాటలే బాకీ!"

సినిమా పేజీల్లో ఈ వార్త లేని వారం ఉంటుందా? ఈ ముక్కని తీసుకెళ్లి ఓ ఇంగ్లీషు దొర చేతిలో పెట్టి చూడండి. తల గోక్కుంటాడు! "సినిమా అంటేనే మాటలు కదా, అందులో మళ్లీ టాకీ పార్టు ఏమిటి?" అంటాడు.

ఆయన్ని అని లాభం లేదు. వాళ్ల దేశాల్లో ఆ మాట ఎప్పుడో మూలబడింది. కదిలే బొమ్మ 'మూవీ' అయితే, మాట్లాడే బొమ్మ 'టాకీ'. జనం ముద్దుగా పెట్టుకున్న పేరే తప్ప పండితులు కట్టిన మాట కాదు. 1927లో అమెరికాలో 'ది జాజ్ సింగర్' వచ్చాక ఆ పేరు మారుమోగింది. కొన్నేళ్లకే మూగ సినిమాలు వెనకబడ్డాయి. ఊళ్లో ఉన్న బొమ్మలన్నీ మాట్లాడుతుంటే 'ఇది మాట్లాడే బొమ్మ' అని వేరే చెప్పడం దేనికి? పాపం, మాటకి పని లేకుండా పోయింది. ఇప్పుడక్కడ అది పాత సినిమాల చరిత్ర చెప్పేటప్పుడు వాడే మాట.

మన దగ్గర కథ వేరు. 1931 మార్చి 14న బొంబాయిలో 'ఆలం ఆరా' విడుదలైంది. మరుసటి ఏడు మన హెచ్.ఎం.రెడ్డి గారి 'భక్త ప్రహ్లాద' వచ్చింది. అందులో వేసింది సురభి నాటకాల వాళ్లు. మరి పద్యం, పాట లేకుండా ఉంటాయా? మన టాకీ పుడుతూనే రాగం తీసింది! అందుకే మనకి పాట లెక్క వేరు, మాట లెక్క వేరు. పాటకి డాన్సు మాస్టరు, వేరే కాల్షీట్లు, వేరే లొకేషన్లు. మిగతాదంతా టాకీ పార్టు. దొరల దగ్గర పని పోయిన మాటకి మన స్టూడియోల్లో ఉద్యోగం దొరికిందన్న మాట!

రెండో ఉద్యోగం ఇంకా పెద్దది. అది మా అనంతపురం వైపు వచ్చి చూడాల. ఇక్కడ టాకీసంటే సినిమా కాదు, సినిమా ఆడే హాలు. ఇంగ్లీషులో 'టాకీస్' అంటే మాట్లాడే బొమ్మలు. 1934లో హిమాంశు రాయ్, దేవికారాణి పెట్టిన బాంబే టాకీస్ సినిమాలు తీసే కంపెనీ. మన ఊళ్లలో అదే మాట హాళ్ల బోర్డుల మీదికెక్కింది. చదివీ చదివీ జనం బొమ్మని వదిలేసి బిల్డింగుకే ఆ పేరు ఖాయం చేశారు. పైగా ఒకటైతే టాకీసు, రెండైతే టాకీసులు! బహువచనం నెత్తిన ఇంకో బహువచనం. ఇంగ్లీషు మాస్టారు వింటే బెత్తం తీస్తాడు. తీయనీండి!

ఈ వాడుక ఒక్క మా జిల్లాదే అనను. కానీ ఈ మెట్టనేల మీద దాని రుచి వేరు. గోడలు లేని చోట డేరా వేసి 'టూరింగ్ టాకీసు' అన్నారు. తాత్కాలిక లైసెన్సు, ఒకే మిషను. రీలు మార్చినప్పుడల్లా లైట్లు వెలిగేవి. నేల టిక్కెట్టు వాళ్లు ఇసకని కుప్ప చేసుకుని దర్జాగా దానిమీద కూర్చునేవాళ్లు. చేతిలో వేయించిన చెనిక్కాయలుంటే ఇంకేం కావాల?

ఆ చెనిక్కాయల్లోనే ఉంది అసలు సంగతి. పడమటి కనుమల చాటున ఉన్న జిల్లా ఇది. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన. వాన పడితే డేరాలో ఆట ఆగిపోతుంది కాబట్టి టూరింగ్ టాకీసుకి ఇది మంచి చోటే అనిపిస్తుంది. కానీ చేలో వాన పడకపోతే చెనిక్కాయ పండదు, పండకపోతే రైతు జేబులో టిక్కెట్టు డబ్బులుండవు. డేరా మీద పడగూడదు, చేలో పడాల! కరువుసీమలో టాకీసు నడిపినవాళ్లు రెండు దిక్కులా దండం పెట్టుకోవాల్సిందే.

అయినా ఈ నేల సినిమాకి తక్కువేం ఇవ్వలేదు. ఒక్క తాడిపత్రిలోనే 1880లో బళ్లారి రాఘవ, 1912లో కె.వి.రెడ్డి పుట్టారు. నాటకరంగాన్ని ఏలిన రాఘవ 1936లో 'ద్రౌపదీ మానసంరక్షణం'లో దుర్యోధనుడిగా టాకీలోకి వచ్చారు. కె.వి.రెడ్డి 'పాతాళభైరవి' (1951), 'మాయాబజార్' (1957) తీసి టాకీసులు నింపారు. ఆ మాటకున్న రెండర్థాలకీ ఒకే ఊరు మనుషుల్ని ఇచ్చిందన్న మాట.

ఇప్పుడో? డేరాలు పోయాయి. టీవీ వచ్చింది, మల్టీప్లెక్సు వచ్చింది, సెల్‌ఫోనూ వచ్చింది. ఎన్నో పాత టాకీసులు కళ్యాణ మండపాలయ్యాయి, షాపులయ్యాయి. హాలు పోతే మాట కూడా పోతుందనుకున్నాను. ఆమధ్య మా వైపు ఓ బస్సులో పోతుంటే ఒకావిడ, "ఓ కండక్టరన్నా, టాకీసు కాడ దిగాల!" అని కేకేసింది. బస్సు ఆగింది. చూస్తే అక్కడ టాకీసూ లేదు, బోర్డూ లేదు, పోస్టరు ముక్కా లేదు. అయినా స్టాపు అదే! కండక్టరు యాడ అని అడగలేదు, ఆవిడ వెతుక్కోలేదు.

కాబట్టి తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఈసారి మీ అభిమాన హీరో సినిమా 'టాకీ పార్టు పూర్తి' అని చదివినప్పుడు, ఇంట్లో తాతనో అవ్వనో అడగండి - మన ఊళ్లో టాకీసు యాడుండేది, అందులో మీరు చూసిన మొదటి బొమ్మ ఏది అని. వాళ్లు చెప్పడం మొదలుపెడితే మీరు చూడబోయే సెకండ్ షో మానుకోవాల్సి వస్తుంది. మానుకోండి, నష్టం లేదు!