కంప్యూటరులో కంప్యూటరు

మీ ఇంట్లో ఒకే ఒక కంప్యూటరు ఉన్నదనుకోండి. అందులో నాన్నగారు దుకాణం లెక్కలు రాసుకుంటారు. అమ్మ పెళ్ళిళ్ళ ఫోటోలన్నీ అందులోనే దాచింది. అక్కయ్య కాలేజీ పాఠాలు కూడా అక్కడే ఉన్నాయి. ఆ కంప్యూటరు విండోసు అనే ఆపరేటింగ్ సిస్టముతో నడుస్తుంది. ఇంతలో మీ మాష్టారు క్లాసులో లినక్సు సంగతి చెప్పారు. అదీ ఒక ఆపరేటింగ్ సిస్టమే. దాన్ని డబ్బు పెట్టి కొనక్కరలేదు. దాని లోపల ఏముందో ఎవరైనా తెరిచి చూడవచ్చు. ఇక మీకు దాన్ని చూడాలని ఒకటే తహతహ! వెళ్ళి నాన్నగారిని అడిగారు. ఆయన ఏమంటారు?

"లెక్కలు పోతే మనం తినేదేమిటి? దాని జోలికి పోవద్దు," అంటారు.

ఆయన అన్నమాట సబబైనదే. ఎందుకో చెబుతాను, వినండి.

ఆపరేటింగ్ సిస్టము కంప్యూటరుకు ఇంటి యజమాని వంటిది. ప్రాసెసరు, మెమరీ, డిస్కు, కీబోర్డు, తెర, అన్నీ దాని అదుపులోనే ఉంటాయి. లెక్కల ప్రోగ్రాము డిస్కు మీద ఒక అంకె రాయాలన్నా ఆ యజమానిని అడగవలసిందే. ఒక ఇంట్లో ఇద్దరు యజమానులు ఒకేసారి పెత్తనం చేస్తే ఏమవుతుందో మీకు తెలుసు కదా! అందుచేత చాలామంది డిస్కును రెండు వాటాలు చేసి, ఒక వాటాలో విండోసు, రెండో వాటాలో లినక్సు పెట్టుకుంటారు. కంప్యూటరు వేసినప్పుడు ఏది కావాలో ఎన్నుకుంటారు. ఒకటి మేలుకుని ఉంటే రెండోది నిద్రలో ఉంటుంది. ఇది మంచి పద్ధతే. అయితే, వాటాలు వేసేటప్పుడు పొరపాటున ఒక మీట నొక్కామంటే దుకాణం లెక్కలు గంగలో కలుస్తాయి.

డిస్కును ముట్టుకోకుండా లినక్సును చూసే ఉపాయం మరొకటి ఉన్నది.

1957లో వచ్చిన "మాయాబజార్" సినిమా మీలో చాలామంది చూసే ఉంటారు. అందులో పెళ్ళికి వచ్చిన దుర్యోధనుడి పరివారం కోసం ఘటోత్కచుడి మనుషులు మాయ విడిది కట్టారు. అతిథులు అది నిజమైన విడిదేననుకున్నారు. పిలిస్తే పలికే పరిచారకులు మాత్రం అందరూ ఘటోత్కచుడి వాళ్ళే. సరిగా అటువంటి విడిదినే కంప్యూటరు లోపల కట్టవచ్చు. దాన్ని వర్చువల్ మెషీన్ అంటారు. మనం మాయ యంత్రం అనుకుందాం. కట్టే ఘటోత్కచుడి పేరు హైపర్‌వైజరు. వర్చువల్‌బాక్సు అనే ప్రోగ్రాములో ఈ హైపర్‌వైజరు ఉంటుంది. అది 2007లో వెలువడింది, ఉచితంగానే దొరుకుతుంది. ఈ విద్యలో లోపలికి వచ్చిన సిస్టమును "అతిథి" అనే పిలుస్తారు!

మరి అతిథిని ఎలా నమ్మిస్తారు? లినక్సు చేసే పనుల్లో నూటికి తొంభైపాళ్ళు కూడికలూ, పోలికలూ, మెమరీలో చదవటం, రాయటం. వీటివల్ల ఎవరికీ హాని లేదు గనక అసలు ప్రాసెసరే వాటిని నేరుగా చేసేస్తుంది. అందుకే మాయ యంత్రం నత్తనడక నడవదు. కాని "డిస్కు మీద ఇది రాయి", "యంత్రాన్ని ఆపెయ్యి" వంటి పెత్తనపు ఆజ్ఞలు కొన్ని ఉంటాయి. అతిథి అటువంటి ఆజ్ఞ ఇవ్వగానే ప్రాసెసరు టక్కున ఆగి, సంగతి హైపర్‌వైజరుకు చెబుతుంది. హైపర్‌వైజరు ఆ పనిని తన మాయ డిస్కు మీద చేసి, "అయింది, బాబూ!" అని అతిథికి జవాబిస్తుంది. లినక్సు తన పని తాను చూసుకుంటుంది. మధ్యలో ఎవరో అడ్డుపడ్డారని దానికి తెలియనే తెలియదు.

మాయ డిస్కు అంటే ఏమిటనుకున్నారు? విండోసు లెక్కలో అది ఒక మామూలు ఫైలు! మీరు 25 జీబీ డిస్కు కావాలంటారు. లినక్సు తనకు 25 జీబీ డిస్కు ఉన్నదని మురిసిపోతుంది. నిజానికి ఆ ఫైలు మొదట చాలా చిన్నది. లోపల రాసినకొద్దీ పెరుగుతూ పోతుంది. మెమరీ సంగతి మాత్రం అలా కాదు. అది నిజంగానే పంచుకోవాలి. మీ కంప్యూటరులో 8 జీబీ ఉంటే 3 జీబీ అతిథికి ఇవ్వండి. సగానికి మించి ఇచ్చారంటే ఇంటివాళ్ళకే ఊపిరి సలపదు.

ఇప్పుడు అసలు ఘట్టం. లినక్సును లోపల నిలిపేటప్పుడు తెర మీద ఒక ప్రశ్న వస్తుంది: "డిస్కు మీద ఉన్నదంతా చెరిపివేయనా?" ఇది చదవగానే ఎంత ధైర్యవంతుడికైనా గుండె జల్లుమంటుంది. నాన్నగారు వెనకే నిలబడి ఉంటే చెప్పనే అక్కరలేదు! తొందరపడకండి. ఆ ప్రశ్న పక్కనే డిస్కు ఎంత పెద్దదో రాసి ఉంటుంది. 25 జీబీ అని ఉంటే, అది చెరిపేది మాయ డిస్కునే. దుకాణం లెక్కలున్న డిస్కు అతిథి కంటికి అసలు కనిపించదు. అలా కాక 500 జీబీ అనో, 1000 జీబీ అనో ఉన్నదంటే మీరు మాయ విడిదిలో లేరన్నమాట. వెంటనే చెయ్యి వెనక్కు తీసుకుని పెద్దవాళ్ళను పిలవండి. ఏమైనా సరే, ఈ పని మొదలుపెట్టకముందే లెక్కలకు మరో నకలు తీసి వేరే చోట ఉంచటం మంచిది. కంప్యూటరు ముట్టుకోకపోయినా అది చెయ్యవలసిన పనే!

లినక్సు లేచి కూర్చున్నాక దానిని తెలుగులోనే మాట్లాడించవచ్చు. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ వారివంటి ఎందరో పూనుకుని దానిలోని మాటలను తెలుగు చేశారు. "దస్త్రాలు", "అమరికలు" అని తెర మీద చూస్తే తాతగారు కూడా కుర్చీ దగ్గరికి జరుపుకుంటారు. మౌసు బాణం కిటికీలో చిక్కుకుపోయి బయటికి రాకపోతే కంగారుపడవద్దు. వర్చువల్‌బాక్సులో అయితే కీబోర్డు కుడివైపునున్న కంట్రోల్ మీట నొక్కితే వచ్చేస్తుంది.

ఇందులో నాకు అన్నిటికన్న నచ్చినది స్నాప్‌షాట్. మాయ యంత్రం ఈ క్షణాన ఎలా ఉన్నదో అలాగే గుర్తు పెట్టుకోమని చెప్పవచ్చు. తరవాత మీ ఇష్టం! ముఖ్యమైన ఫైళ్ళన్నీ తుడిచెయ్యండి. లినక్సు మూలుగుతుంది, మళ్ళీ లేవదు. అప్పుడు స్నాప్‌షాట్‌కు వెనక్కు వెళ్ళండి. ఏమీ జరగనట్టు లేచి కూర్చుంటుంది. నిజమైన కంప్యూటరు మీద ఈ ఆట ఆడితే వీపు విమానం మోత మోగుతుంది.

అలాగని మాయ విడిది గోడలు వజ్రంతో కట్టినవి కావు. బయటి ఫోల్డరు ఒకటి లోపలికి కూడా కనిపించేలా చేసే సదుపాయం ఉన్నది. దుకాణం లెక్కల ఫోల్డరునే అలా తెరిచిపెట్టారంటే, లోపల చేరిన వైరసు దాన్ని కూడా పాడుచేయగలదు. కనక దాన్ని మూసే ఉంచండి. ఇంకొక సంగతి. ఒక జాతి ప్రాసెసరు కోసం రాసిన సిస్టము మరో జాతి దాని మీద నేరుగా నడవదు. 2020 నుంచి ఆపిల్ కంపెనీ తన మాక్ కంప్యూటర్లలో సొంత ప్రాసెసర్లు పెడుతున్నది. వాటి మీద మామూలు పీసీ కోసం చేసిన సిస్టమును నడపాలంటే ప్రతి ఆజ్ఞనూ ఒక భాష నుంచి మరొక భాషలోకి మార్చాలి. అప్పుడు వేగం పడిపోతుంది.

ఈ విద్య నిన్నమొన్న పుట్టినది కాదు. 1960లలో కంప్యూటరు గదంత ఉండేది. జనం తమ లెక్కలను చిల్లులు పొడిచిన అట్టముక్కల మీద తెచ్చి ఇచ్చి, జవాబు కోసం పడిగాపులు కాసేవారు. అమెరికాలో మసాచుసెట్స్ రాష్ట్రంలోని కేంబ్రిడ్జిలో ఐబీఎం కంపెనీకి ఒక పరిశోధన కేంద్రం ఉండేది. అక్కడ రాబర్ట్ క్రీసీ అనే ఆయనా, ఆయన తోటివారూ సీపీ-40 అనే ప్రోగ్రామును తయారుచేసి, 1967 జనవరిలో వాడుకలో పెట్టారు. దానితో ఒక్క యంత్రం 14 యంత్రాలయింది! ఒక్కొక్కరికీ 256 కేబీ మెమరీగల సొంత కంప్యూటరు ఉన్నట్టే కనిపించేది. నిజానికి ఆ యంత్రానికి మొత్తం 256 కేబీకి మించి మెమరీ పెట్టేందుకు వీలే లేదు. అవసరం లేని ముక్కలను బయటికి పంపుతూ, కావలసినవి లోపలికి తెస్తూ లాక్కొచ్చేవారు.

మన బల్ల మీది కంప్యూటర్లకు ఈ విద్య చాలాకాలం పట్టుబడలేదు. ఇంటెల్ ప్రాసెసర్లలో కొన్ని ఆజ్ఞలు మహా తుంటరివి. అతిథి వాటిని ఇచ్చినప్పుడు ప్రాసెసరు ఆగి హైపర్‌వైజరుకు చెప్పదు. పనీ చెయ్యదు, చెయ్యలేదనీ చెప్పదు. 1998లో పుట్టిన వీఎంవేర్ అనే కంపెనీ వారు అతిథి ఆజ్ఞలను ముందే చదివి, తుంటరివాటిని ఏరి, వాటి చోట మంచివి పెట్టే ఉపాయం కనిపెట్టి 1999లో అమ్మకానికి తెచ్చారు. తరవాత ఇంటెల్ 2005లోనూ, ఏఎండీ 2006లోనూ ప్రాసెసరులోనే తగిన ఏర్పాటు చేశాయి. కొన్ని కంప్యూటర్లలో ఆ ఏర్పాటు మూసి ఉంటుంది. పెద్దవాళ్ళ చేత తెరిపించుకోవాలి.

కేంబ్రిడ్జివారి కథలో ఇంకొక వింత ఉన్నది. వారి కంప్యూటరును చుట్టుపక్కల కళాశాలల విద్యార్థులు కూడా వాడుకునేవారు. అదే సమయంలో కంపెనీ, మెమరీని మాయ చేసే కొత్త 370 యంత్రాలను రహస్యంగా తయారుచేస్తున్నది. వాటికి సిస్టము రాయాలి. యంత్రమా, చేతికి రాలేదు! విద్యార్థుల కంట పడకూడదు కూడానూ. అందుకని వారు తమ కంప్యూటరులో ఒక మాయ యంత్రం కట్టారు. దాని లోపల, ఇంకా పుట్టని 370ను అచ్చుగుద్దినట్టుండే మరొక మాయ యంత్రం కట్టి, కొత్త సిస్టమును అక్కడ నడిపి చూసుకున్నారు. 1972 ఆగస్టులో కంపెనీ ఆ యంత్రాల సంగతి లోకానికి ప్రకటించింది. వాటి మీద నడిచే వీఎం/370ను కూడా అప్పుడే ప్రకటించింది.